మగ్గం గుంతలో టెలిఫోన్ రాక్

ఎమ్మిగనూరు మహానంది మాట వస్తే మావాళ్లంతా ‘పాపం, రాసిపెట్టి లేదు’ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రాసిపెట్టి లేకపోవడమేమిటి? జరిగిందంతా నాకు తెలుసు. అందులో సగం నా నిర్వాకమే.

నా పేరు భీమసేనరావు. ఆదోని బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే కొట్టు నాది. నోరు కొంచెం పెద్దది, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. మహానంది నేతగాడు. నేత మీద ఇల్లు గడవక టెలిఫోన్ శాఖలో దినకూలీగా చేరి, ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా రోడ్డు పొడుగునా స్తంభాలకు గుంతలు తవ్వేవాడు. సాయంత్రం బస్సు వచ్చేదాకా నా కొట్టు ముందు నిలబడి, నేను విప్పి పెట్టిన రేడియోల్లోకి తొంగి చూసేవాడు. వారం రోజులు కసురుకున్నాను. ఎనిమిదో రోజు విసుగొచ్చి, తెగిన తీగ ఒకటి వాడి చేతికిచ్చాను. వెంట్రుకంత తీగ. తెగిన నూలుపోగు అతికినట్టు రెండు వేళ్ల మధ్య ఒక్క మెలి తిప్పి ఇచ్చేశాడు. నాకు అసూయ పుట్టింది, అబద్ధమెందుకు.

1979 చలికాలంలో శాఖవాళ్లు దినకూలీలకు మెకానిక్ పోస్టుల పరీక్ష పెడతామన్నారు. వచ్చే అక్టోబరులో, కర్నూలులో. రాతపరీక్ష సంగతి ఎలాగున్నా అసలు గండం ప్రాక్టికల్. నిలువెత్తు ఇనుప రాక్, దాని నిండా వరసలు వరసలుగా రిలేలు ఉంటాయి. ఇవతల ఒకరు డయల్ తిప్పితే ఆ రిలేలు టకటకా కొట్టుకుని అవతలి ఫోన్‌ను మోగిస్తాయి. అందులో మూడు చోట్ల కావాలనే చెడగొట్టి పెడతారు. గంటలో కనిపెట్టాలి. మహానందికి అప్పటికి ముప్పై నాలుగు. ముప్పై అయిదు దాటితే పరీక్షకు రానివ్వరు. ఇది పోతే ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు గుంతలు తవ్వుకోవాల్సిందే.

"ఆ రాకును దూరం నుంచి సూసిందే గానీ ముట్టుకునింది లేదు సామీ," అన్నాడు నాతో.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఆ వారమే ఆదోనిలో ఒక మిల్లువాళ్లు తమ పాత టెలిఫోన్ ఎక్స్చేంజీని పీకి తుక్కుకు వేశారు. "పాతదైతేనేమప్పా, కొనుక్కుని ఇంట్లో పెట్టుకో. నువ్వే చెడగొట్టు, నువ్వే బాగుచేసుకో. పుస్తకం చదివితే వచ్చే విద్యనా ఇది?" అన్నాను.

తుక్కు కొట్టు బజారి అనే ఆయనది. మేము పోయేసరికి సుత్తి పట్టుకుని రాక్ ముందు కూర్చున్నాడు. రిలేల్లో తీగచుట్టలు రాగివి, ఒకదానికొకటి తగిలే పాయింట్లకు రవ్వంత వెండి ఉంటుంది. ఆ రెండూ ఒలుచుకుని ఇనుము విడిగా అమ్ముకోవాలని అతని ఆలోచన.

"పగలగొట్టాకు, అన్నా. ఇట్లే ఇయ్యి," అన్నాడు మహానంది.

"ఇట్లే తీసకపోయి ఏం జేస్తావప్పా? పూజ జేస్తావా?"

"నేర్సుకుంటా."

వీడికి మతి ఉందా అన్నట్టు బజారి నావైపు చూశాడు. బేరమంతా నేనే ఆడాను. రెండు రాకులుంటే మేలైనది ఏరి, ఎమ్మిగనూరు పోయే లారీ మీద ఎక్కించాము. మహానంది కూడా లారీ ఎక్కాడు. నన్ను రమ్మని అడిగాడు. కొట్టు వదిలి రాలేనన్నాను.

ఇంటికి చేరాక తెలిసిందట, ఆ రాక్ నిలబడేంత ఎత్తు ఆ ఇంట్లో లేదని. మట్టిమిద్దె, దూలాలు తలకు తగిలేట్టుంటాయి. నేతగదిలో రెండు గుంత మగ్గాలు. ఒకటి మహానంది తండ్రి రంగన్నది, ఇంకోటి భార్య సరోజమ్మది. గుంత మగ్గానికి నేలలో గొయ్యి తీస్తారు. మనిషి గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి చెక్కలు తొక్కుతూ నేస్తాడు. ఆ గుంతలోకి దించితే తప్ప రాక్ నిలబడదు.

"నా మగ్గం ఇప్పేయి. పరీచ్చ అయ్యేదాకా కండెలు సుట్టుకుంటా," అందట సరోజమ్మ. పెద్దంచు చీరలు నేసే మనిషి, పక్కిళ్లవాళ్ల నూలు తెచ్చుకుని కండెలు చుట్టడానికి ఒప్పుకుంది. ఇదంతా మహానంది నా కొట్టులో కూర్చుని చెబుతుంటే నేను ఏదో రేడియోలో తల దూర్చి ఊ కొట్టాను.

ఇంటి కరెంటును రాక్‌కు సరిపడేట్టు తగ్గించే ఎలిమినేటర్ పెట్టె నేనే కట్టి పంపాను. ఉగాదికల్లా ఫోన్ మోగింది. రాక్‌తో పాటు తుక్కులో దొరికిన పాత ఫోన్లు రెండు, ఒకటి నేతగదిలో, ఒకటి వంటింట్లో. "మామా, సంగటి ఆరిపోతాంది, రా" అని సరోజమ్మ ఫోన్లో పిలిస్తే, పదడుగుల అవతల రంగన్న రిసీవరు తలకిందులుగా పట్టుకుని "యాడికి రావల్ల?" అని అడిగాడట. అది చెప్పి మహానంది కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. ప్రతి ఆదివారం సరోజమ్మ తనకు తోచిన మూడు తీగలు పీకి పెట్టేది, వీడు వెతికి పట్టేవాడు. జూలై వచ్చేసరికి అరగంట కూడా పట్టడం లేదన్నాడు. ఉద్యోగం వచ్చినట్టేనని నేను నలుగురికీ చెప్పుకు తిరిగాను.

ఆగస్టులో పట్టుకుంది పీడ. ఫోన్ ఒక రోజు మోగేది, ఒక రోజు మోగేది కాదు. తీగలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చెడగొట్టినవాళ్లు లేరు, చెడిపోయింది మాత్రం నిజం. మహానంది అనుమానం వచ్చిన రిలేలు ఊడదీసి, గుడ్డలో చుట్టుకుని, బస్సులో నా దగ్గరికి తెచ్చాడు. నా మేజా మీద పెట్టి చూస్తే అన్నీ భేషుగ్గా పనిచేశాయి.

"రిలేకు ఏ రోగమూ లేదు. రోగం నీ చేతికి," అన్నాను.

ఇంకో వారానికి మళ్లీ తెచ్చాడు. మళ్లీ అంతే. ఆ రోజు కొట్టులో నలుగురు మనుషులున్నారు, వాళ్ల ముందు నా గొప్ప చూపించుకోవాలి కదా. "గుంతలు తవ్వీ తవ్వీ నీ వేళ్లు మొద్దుబారినాయి, ఇంక ఈ పని నీ వల్ల కాదు" అని నోటికొచ్చినట్టు అనేశాను. వాడు రిలేలు గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత నా కొట్టు వైపు రాలేదు.

పరీక్ష పదిహేను రోజులుందనగా నాకే మనసు ఊరుకోక ఎమ్మిగనూరు బస్సెక్కాను. గంట ప్రయాణం. చెప్పులు బయట విడిచి, నేతగది గడప దాటి కాలు పెట్టగానే నాకు సంగతి తెలిసిపోయింది. నేల చల్లగా, తడిగా ఉంది. పడమటి కిటికీకి తడిపిన గోనెపట్ట వేలాడుతోంది. సరోజమ్మ చెంబుతో నేల మీద నీళ్లు చల్లుతోంది.

మగ్గం మీద పొడుగునా సాగే గంజి పట్టిన పడుగుకు పొడిగాలి తగిలితే పోగులు పుటుక్కుమని తెగుతాయి. అందుకే నేతిళ్లల్లో గదిని ఆరనివ్వరు. పొద్దున లేచి ముఖం కడుక్కున్నంత మామూలుగా నీళ్లు చల్లుతారు. రంగన్న మగ్గం ఆ గదిలోనే నడుస్తోంది, చల్లకపోతే ఎట్లా? వాళ్లకది ఆలోచించాల్సిన విషయమని కూడా తోచలేదు. తోచాల్సింది నాకు. నెలల తరబడి చల్లిన నీళ్లు దిగి దిగి, ఆ తడి గదిలోకెల్లా తడిగా ఉండేచోటు గుంత. అందులోకి వంగి చూస్తే అడుగు వరసల పాయింట్లన్నిటికీ చెమ్మ పట్టి, అప్పుడప్పుడే చిలుం తొంగిచూస్తోంది. నా దగ్గరికి వచ్చేసరికి వాటి చెమ్మ బస్సు వేడికి ఆరిపోయేది. నేను ఆరినదాన్ని చూసి తీర్పు చెప్పాను.

"నీ చేతిలో లోపం లేదప్పా. అంతా తడి," అన్నాను.

మహానంది తన వేళ్లకేసి చూసుకున్నాడు. "నా సేతుల్లోనే ఏందో పోయిందనుకుంటి సామీ. మొన్న మా నాయన మగ్గంలో పోగు అతకాలన్నా భయమాయె," అన్నాడు. సిగ్గుతో నా తల దిగిపోయింది.

రంగన్న మగ్గం ఆపి మా మాటలన్నీ వింటున్నాడు. "గది ఆరబెట్టాల్నంటే నా పడుగు ఏం గావల్ల?" అని అడిగాడు.  తనే గుంతలోంచి కాళ్లు పైకి తీసుకుని, లేచిపోయి కిటికీ గోనెపట్ట లాగేశాడు. "పదైదు దినాలే కదా," అన్నాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది. మూడో రోజుకు పడుగు ఎండి పెళుసుబారి, చేయి ఆనితే తెగడం మొదలుపెట్టింది. ముసలాయన ఆ పక్కకు చూడకుండా వీధి అరుగు మీద కూర్చునేవాడు.

మేము రాక్‌ను పైకి తీసి పడుకోబెట్టి, స్పిరిట్ గుడ్డతో పాయింట్లు ఒక్కొక్కటే తుడిచాము. "ముందు తుడువు, తర్వాత వెతుకు" అని నేనే చెప్పాను. నేనున్నది ఒక్క రోజు. మహానంది మిగతా పద్నాలుగు రోజులూ తుడిచాడు, వెతికాడు, మళ్లీ తుడిచాడు. రాక్ తిరిగి పనిచేసింది. ఇంక భయం లేదనుకున్నాను.

పరీక్ష రాసి కర్నూలు బస్సు దిగి నేరుగా కొట్టుకొచ్చాడు. "రెండు దొరికినాయి సామీ," అన్నాడు.

"మూడోది?"

అక్కడి రాక్ అద్దంలా ఉందట, దుమ్ము కూడా లేదు. అయినా వీడి చేయి ఆగలేదు. మొదటి వరస మొదటి రిలే నుంచి మూత తీయడం, జేబురుమాలుతో పాయింటు తుడవడం, ఆ తర్వాతే చూడడం. పరీక్ష పెట్టినాయన రెండుసార్లు చెప్పాడట, శుభ్రంగా ఉన్నదాన్ని ఎందుకయ్యా తుడుస్తావు, టైం అయిపోతోందని.

"తుడవకుంటే నా కండ్లను నేనే నమ్మలేకపోతి," అన్నాడు మహానంది. మూడో తప్పు ఉన్న వరస దగ్గరికి పోయేసరికి గంట కొట్టేశారు.

  వాడు బస్సెక్కిపోయాక కొట్టు తలుపు వేసుకుని ఏడ్చాను.

ఫలితాల్లో మహానంది పేరు లేదు. ఆ మర్నాడు వాళ్లింటికి పోయాను. మహానంది లేడు, కోసిగి రోడ్డులో గుంతలు తవ్వే పనికి పోయాడు. రంగన్న మగ్గం మీది ఎండిన పడుగును కోసి మూటకట్టి మూలన పడేశారు. సరోజమ్మ తన గుంతలోకి దిగి, తొక్కుడు చెక్కలకు కొత్త తాళ్లు కడుతోంది.

"తప్పంతా నాదేనమ్మా," అన్నాను.

ఆమె ముడి వేయడం పూర్తిచేసి తలెత్తింది.

"తప్పని ఎవురంటాండారు సామీ. ముందే ఒక్క తూరి ఈడికి వచ్చింటే సాలు. గడపలో కాలు పెడ్తానే తెలిసిపాయె కదా నీకు."