గాలివానకు ముందు మా అత్త

మా అత్త పోయి రేపటికి పదకొండు రోజులు. మధ్యాహ్నం అన్నం తిని వసారాలో నడుం వాల్చింది. టీ పెట్టి లేపబోతే లేవలేదు. వచ్చినవాళ్లంతా సుఖంగా పోయిందన్నారు. నిజమే.

నాది గూడూరు. పెళ్లై విడవలూరు దగ్గర ఈ ఊరికి వచ్చేదాకా తుఫాను అంటే నాకు బడికి సెలవు, అంతే. ఇక్కడ సముద్రం కూతవేటు దూరం. మొదటి ఏడాది, వానలు మొదలుకాకముందే, మా అత్త నన్ను నిచ్చెన పట్టుకోమని తానే ఇంటి మీదికెక్కి పగిలిన పెంకులు మార్చింది. చేపలు పట్టేవాళ్ల పాలెంలో అడిగి తెచ్చిన పాత వలను కప్పంతా పరిచి, అంచులకు ఇసుక మూటలు కట్టించింది. కొబ్బరిచెట్టు మీది ఎండుమట్టలు, ముదురు కాయలు దింపించింది. బియ్యం మూత డ్రమ్ములో అటకెక్కాయి. పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచిలో పెట్టింది. ఏటా ఇదే తంతు. ఎండ ఫెళ్లున కాస్తుంటే ఈమెకెందుకింత భయమని లోలోపల నవ్వుకునేదాన్ని.

మూడో ఏడు నిజంగానే తుఫాను వచ్చింది. అందరూ ఇళ్లు వదిలి బడి భవనంలోకి వెళ్లిపోవాలని పొద్దున్నే ఆటోలో మైకు పెట్టి చెప్పారు. అత్త ఇల్లు వదలదని నేనూ మా ఆయనా అనుకున్నాం. చూస్తే, అప్పటికే గేదెల పలుపులు విప్పి మెరకకు తోలేసి వచ్చి, సంచి భుజాన వేసుకుని తాళం వేస్తోంది.

"ఏందత్తా, ఇంత చేసింది ఇంట్లో ఉండేదానికి కాదా?" అన్నాను.

"వదిలేసి పొయ్యేదానికి అమ్మాయ్. చెయ్యాల్సింది చేసినాం. ఇంక నిమ్మళంగా పోవచ్చు."

ఎదురింటి పెద్దాయన మాత్రం కదలనన్నాడు. ఒంటరి మనిషి. ఉన్న ఒక్క బియ్యం మూట తడిస్తే ఏం తినాలని ఆయన దిగులు. మా అత్త వేసిన తాళం మళ్లీ తీసింది. మా ఆయన చేత ఆ మూట మోయించి మా అటక మీద పెట్టించింది.

"ఇంక లెయ్ అన్నా" అంది. ఆయన లేచాడు.

బడిలో కిటికీలు గడగడలాడుతుంటే నా ధ్యాసంతా ఇంటి మీదే. ఆమె నా చెయ్యి వదల్లేదు. "ఇంటిని తలుచుకోబాక. మనోళ్లంతా ఈడే ఉండారు, చూసుకో" అంది.

గాలి తగ్గాక వెళ్లి చూస్తే ఎదురింటి కప్పు లేచిపోయింది. మా వంటింటి గోడ పడిపోయింది. పెంకులు చాలావరకు నిలిచాయి. అటక మీద రెండిళ్ల బియ్యమూ పొడిగా ఉన్నాయి. పెద్దాయన తన ఇల్లు మళ్లీ నిలబెట్టుకునేదాకా మా వసారాలోనే ఉన్నాడు. మరుసటేడు నిచ్చెన అత్త పట్టుకుంది, నేను పైకెక్కాను.

ఇప్పుడు ఆమెను తలుచుకుంటే తుఫాను వెలిసిన ఆ ఉదయమే కళ్లముందుకు వస్తుంది. పడిన గోడ ఇటుకలు మూడు పేర్చి, వాకిట్లో పొయ్యి రాజేసి, పెద్ద గుండిగలో అన్నం వండింది. వీధివాళ్లంతా తిన్నాక, తాను ఆ ఇటుకల గుట్ట మీద కూర్చుని, తడిసిన జుట్టు ఎండకు విరబోసుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ మజ్జిగన్నం తింది.