ఎర్ర పెన్సిలుతో కొట్టేసిన మాటలు

మా ఇంగ్లీషు సారు పోయారు. మొన్న పొద్దున పాలు పితుకుతుంటే వాళ్ళావిడ గోడ మీంచి పిలిచింది. సారు లేవడం లేదట. నేను వెళ్ళేసరికే ఒళ్ళు చల్లబడింది. ఆ పూట మా గల్లీలో సగం ఇళ్ళకు పాలు అందలేదు. సారే ఉంటే, సగమంటే ఎన్నిరా అని అడిగేవారు. పదకొండు.

యాకుత్‌పురాలో మా గోడ పక్కనే వాళ్ళిల్లు. పగలు బడిలో పాఠం చెప్పి, సాయంత్రం అరుగు మీద గల్లీవాళ్ళకు పోలీసు ఠాణా అర్జీలు ఇంగ్లీషులో రాసిపెట్టేవారు. తన్నుకున్నవాళ్ళంతా మర్డరస్, మెర్సిలెస్, బ్రూటల్ అనే మాటలు కోర్టు దగ్గర ఏరుకొచ్చేవారు. అవి లేకపోతే జమేదారు కాగితం ముట్టడని వాళ్ళ నమ్మకం. సారు ముందు కట్టు విప్పమనేవారు. "పెద్ద మాట గావాల్నంటే పెద్ద గాయం చూపియ్యాలె" అనేవారు. మర్డరస్ అంటే చంపడానికే వచ్చినవాడు, ఊరికే కొట్టినవాడు కాదు. మెర్సిలెస్ అంటే కాళ్ళు పట్టుకున్నా ఆగనివాడు. మా కొట్టం మీద ఎవరో రాయి విసిరితే, బ్రూటల్ అని రాయమని మా బాపు పట్టుబట్టాడు. "బ్రూటల్ అంటే పశువు లెక్క అని. నీ బర్లు ఎన్నడన్న రాళ్ళిసిరినయా?" అని సారు అడిగితే అరుగంతా నవ్వింది.

పదిహేనేళ్ళ కింద లొల్లి అయింది. లాడ్ బజార్ వెనక గాజుల కార్ఖానాను, లోపలున్న నలుగురు మనుషులతో సహా, మా గల్లీవాళ్ళు తగలబెట్టారని పుకారు. నిజానికి కాలింది తలుపొక్కటే. అక్కడ పనిచేసే కుర్రాడొకడు ఆ పుకారు నమ్మి ఇనుప రాడ్ పట్టుకుని మా గల్లీలోకి వచ్చాడు. అందర్నీ లోపలికి పొమ్మంటూ వాకిట్లో నిలబడ్డ సారు నెత్తి మీద ఒక్కటిచ్చాడు. నెత్తురు చొక్కా జేబులోని ఎర్ర పెన్సిలు దాకా కారింది. వాడు రాడ్ పారేసి, అక్కడే నిలబడి ఏడ్చాడు.

మేం వాణ్ణి వదల్లేదు. వాడి కుడిచెయ్యి మెలిపెట్టి కుడితితొట్టి అంచు మీద నేను అదిమిపట్టాను. బాపు అదే రాడ్‌తో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వాడు నా కాళ్ళు పట్టుకోబోయాడు. బాపు మళ్ళీ కొట్టాడు. మెర్సిలెస్ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు.

మర్నాడు బాపు ఎవరి చేతో అర్జీ రాయించి సారున్న దవాఖానాకు తెచ్చాడు. యాభై మంది, కత్తులు, మర్డరస్, అన్నీ ఉన్నాయి. సారు సంతకం పెడితే ఆ కుర్రాడు ఏళ్ళకేళ్ళు జైల్లో మగ్గాల్సిందే. సారు కట్టుతో లేచి కూర్చుని, పెన్సిలు అడిగి, ఒక్కో మాటా కొట్టేశారు. కింద రాశారు: ఒక మనిషి, ఒక దెబ్బ. కొట్టి ఏడ్చాడు. అతని చెయ్యి మా గల్లీవాళ్ళు ఇద్దరు విరిచారు.

"నీ కోసం కొట్టినం సారూ. మమ్మల్నే పట్టిస్తవా?" అన్నాడు బాపు.

సారు నా వైపు చూశారు. "ఇద్దరే గదరా. ఒక్కడని రాస్తే అదిగూడ అబద్ధమే."

బాపూ నేనూ లాకప్‌లో పడ్డాం. ఆ కుర్రాడు కొన్ని నెలలకే బయటికొచ్చాడు. సారు వాళ్ళింటికి బాపు పాలు ఆపేశాడు, చనిపోయేదాకా సారుతో మాట్లాడలేదు. నేనూ సారును తిట్టుకున్నాను, చాలా రోజులే తిట్టుకున్నాను. బాపు పోయాక సిగ్గుపడుతూ ఒక చెంబు పాలు తీసుకెళ్తే, సారు చెంబులోకి తొంగిచూసి, "నీళ్ళు కలుపుతలేవు గద?" అన్నారు. అంతే. నేను ఇంటికొచ్చి కొట్టంలో కూర్చుని ఏడ్చాను.

మొన్న పాడె లేపుతుంటే అప్పటి ఆ కుర్రాడు వచ్చాడు. ఇప్పుడు గాజుల దుకాణం ఉంది, గడ్డం నెరుస్తోంది. "నేను గూడ ఎత్తుత భాయ్" అన్నాడు నాతో. వంగి వెదురు కింద భుజం పెట్టాడు గానీ, పట్టుకోవడానికి ఆ కుడిచెయ్యి పైకి లేవలేదు. నేను పక్కన నిలబడి ఆ చేతిని పట్టుకున్నాను, రెండోసారి. మెల్లగా ఎత్తి వెదురు మీద పెట్టి, జారకుండా నా చెయ్యి దాని మీద వేసి నడిచాను. శ్మశానం దాకా తీయలేదు.