ఆర్వో సర్దిన వరుస

సడ్‌బరీ అనే మంచు ఊళ్లో నడవలేని ముసలివాళ్లను ఆస్పత్రులకు తిప్పే చిన్న బస్సుల ఆఫీసు ఒకటుంది. అక్కడ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఆర్వో లెహ్తినెన్‌కు చిందరవందర అంటే ఒళ్లుమంట. గుమ్మం దగ్గర మంచుబూట్లు అడ్డదిడ్డంగా పడి ఉంటే తనవి కాకపోయినా సర్దేవాడు. అలాంటి మనిషికి తాను వయసులో ఉండగా రాసిన బుకింగ్ ప్రోగ్రామే తలనొప్పి అయింది. అంతా ఒకే ఫైలు. పేరు రాసే పెట్టె, ఒక బటన్, టైము, మళ్లీ ఇంకో పెట్టె, తోచినచోట తోచింది అతికించినట్టు ఉండేది.

ఆ ప్రోగ్రాముతో రోజంతా పనిచేసేది ఓడిల్ షార్బొనో. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. తెరను చదివి వినిపించే కంప్యూటర్ గొంతు ఆ పాతకాలపు పెట్టెల పేర్లు పలికేది కాదు. అయినా ఆమెకు లోటేమీ లేదు. ఫోను చెవికి తగిలించుకుని, ట్యాబ్ మీట నొక్కుతూ ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి పోతూ, అవతలివాళ్లు చెప్పడం అయ్యేసరికి బుకింగ్ ముగించేది. ఆర్వో టైపు చేసే చప్పుడు విని, "కళ్లు పెట్టుకుని కూడా ఇంత నత్తనడకా, బాబూ?" అని ఏడిపించేది.

ఒక చలికాలం ఆర్వో పట్టుబట్టి ప్రోగ్రామంతా క్లాసులు అనే విడివిడి ముక్కలుగా విడగొట్టాడు. ఒక్కో విండోకు ఒక్కో క్లాసు. దాని వివరాలు, దాని పనులు దాని దగ్గరే ఉంటాయి. కోడ్‌లో, పేరూ చోటూ రాసే పెట్టెలన్నీ ముందు తయారవుతాయి, టైములన్నీ తర్వాత, బటన్లు చివర. తెరమీద ఏదీ వెంట్రుకవాసి కదల్లేదు. మౌసుతో అన్నీ నొక్కి చూసి, తన పనికి తనే మురిసిపోయాడు.

ఆ వారం నుంచే ఓడిల్ బుకింగులు తప్పాయి. ఎక్కడికి అని రాయాల్సిన పెట్టెలో టైము పడింది, టైము ఉండాల్సిన చోట ఏమీ లేదు. డయాలిసిస్‌కు వెళ్లాల్సిన ఒక పెద్దాయన రాని బస్సు కోసం మంచులో నిలబడి నిలబడి జ్వరం తెచ్చుకున్నాడు. ఓడిల్ నేరుగా ఆర్వో దగ్గరకు వచ్చింది.

"నిజం చెప్పు. ఏమన్నా మార్చావా?"

"లోపల కోడ్ సర్దానంతే. నీ తెర నీ తెరలాగే ఉంది."

అబద్ధం చెప్పలేదు పాపం. తెర తప్ప ఇంకోటి ఉంటుందని అతనికి తట్టలేదంతే. ఓడిల్ నమ్మింది. వయసు మీదపడి వేళ్లకు మతిపోయిందని చెప్పి, వద్దన్నా వినకుండా ఉద్యోగం మానేసింది. అందరితోపాటు ఆర్వో కూడా వీడ్కోలు కేకు తిన్నాడు.

మంచు కరిగాక ఒకనాడు అతని మౌసు మొరాయించింది. విసుక్కుంటూ ట్యాబ్ మీట నొక్కాడు. ఎక్కడినుంచి అనే పెట్టె దాటగానే, తెరమీద దాని పక్కనే ఉన్న టైము రావాలి. రాలేదు, ఎక్కడికి అనేది వచ్చింది. ట్యాబ్ నడిచేది కోడ్‌లో పెట్టెలు పుట్టిన వరుసలో. పాత ఫైలు తెరిచి చూశాడు. అప్పట్లో ఓడిల్ పక్కన కూర్చుని, జనం ఫోనులో ముందు ఏం చెప్తారో, తర్వాత ఏం చెప్తారో చెబుతుంటే, ఆ వరుసలోనే ఒక్కో పెట్టె పెట్టింది తనే. ఎందుకలా పెట్టాడో ఒక్క ముక్క రాసిపెట్టుకోలేదు. అదే ఇన్నేళ్ల తర్వాత చెత్తలా కనిపించింది.

ఆ సాయంత్రమే ఓడిల్ ఉంటున్న చెల్లెలి ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పాడు. పాత వరుస మళ్లీ పెట్టేశానని, ఆఫీసువాళ్లు రమ్మంటున్నారని కూడా చెప్పాడు.

ఓడిల్ లేచి, టీ పోస్తానంటూ పొయ్యి వైపు చెయ్యి చాపింది. కెటిల్ దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తీసుకుని కూర్చుంది.

"నువ్వు చెప్పింది నాకు అర్థమైంది ఆర్వో. వీటికి ఎలా చెప్పను?" అంది, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని.

చెల్లెలు వచ్చి ఇద్దరికీ టీ పోసింది.