బాబాయ్ బిగించిన బ్రేకు

ఆ రోజుల్లో నాకు చలి వేసేది కాదు, భయం వేసేది కాదు, ఎవరైనా మంచి మాట చెబితే చెవికెక్కేదీ కాదు. కొత్తగా ఉద్యోగం వచ్చిన ఇరవై నాలుగేళ్ల వాళ్లంతా అంతేనని ఇప్పుడు తెలుస్తోంది కానీ, అప్పుడు మాత్రం అదంతా నా ఒక్కడి గొప్పే అనుకునేవాణ్ణి. మొన్న సిగ్నల్ దగ్గర నా స్కూటర్ బ్రేకు కీచుమంటే ఆ డిసెంబరు పొద్దు గుర్తొచ్చింది. 

మా నాన్న వాడి వదిలేసిన మోటార్ సైకిల్ ఒకటి, లాలాగూడ క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉండేది. (మా కోళ్లు దాని సీటు మీదే గుడ్లు పెట్టేవి.) దాన్ని మళ్లీ బండిని చేసినవాడు మా బాబాయ్. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ దిగి, టీ తాగి, ఆరు నెలల సాయంత్రాలు దానికే ధారపోశాడు. ఇంజను మొత్తం విప్పి బిగించాడు. పాత బ్రేకు తీసేసి ముందు చక్రానికి తళతళలాడే డిస్కు పెట్టాడు. "నేను బిగించిన బ్రేకు గీ ముప్పై ఏండ్లల్ల ఒక్కసారి సుత ఫెయిల్ కాలే" అనేది ఆయన మాట. అన్నం తింటూ కూడా అనేవాడు. వర్క్‌షాపులో ఎవరికీ కొరుకుడుపడని పని వస్తే ముందు ఆయన్నే పిలిచేవారు కాబట్టి ఎవరూ కాదనేవారు కారు.

నేనేమో బండికి ఇంకా రంగు ఆరకముందే, బొల్లారం దాటాక ఉన్న ఒక ప్రైవేటు రేసు ట్రాకులో పేరిచ్చి వచ్చాను. ఎవరి బండి వాళ్లు తెచ్చుకుని, లారీల గొడవా పోలీసుల గొడవా లేకుండా రౌండ్లు కొట్టుకునే రోజన్నమాట. "కొత్త ఇంజనురా, జెర ఆగు. పది రోజులు మెల్లగ నడుపు" అన్నాడు బాబాయ్. నేను వింటేగా! చివరికి ఆయనే శుక్రవారం సాయంత్రం కాలనీలో నాలుగు చుట్లు తిప్పి, బ్రేకు నొక్కి బండిని పాతేసినట్టు ఆపి చూపించాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా నాయనమ్మను పిలిచి డిస్కు మీద చెయ్యి వేసి, "అమ్మా, బండి మొత్తంల గిదే అసలు. నీ మనవని ప్రాణం గిండ్లనే ఉన్నది" అన్నాడు. ఆవిడ ఆ చక్రాన్ని చాలాసేపు చూసింది.

మా నాయనమ్మ సంగతి చెప్పాలి. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, చర్చిలో స్త్రీల కూడిక నుంచి తెచ్చుకున్న నూనె రాసేది. కుక్కరుకు రాసింది. నా హాల్ టికెట్టుకూ రాసింది. (ఫోటోలో నా ముఖం జిడ్డోడుతుంటే పరీక్ష హాల్లో సారు నన్నూ దాన్నీ మూడుసార్లు మార్చి మార్చి చూశాడు.) ఆ శనివారం పొద్దున పొగమంచులో, బండిని తీసుకెళ్లడానికి వచ్చిన ట్రాలీ ఆటో గేటు ముందుంటే, ఆవిడ ట్యాంకు మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టింది. ప్రార్థన ఎంతకీ తెమలకపోయేసరికి ఆటో అతను ఇంజను ఆపేసి, తలకు కట్టిన మఫ్లరు కూడా తీసేశాడు. ఆమెన్ అనగానే నేను గ్లవ్స్ కోసం, బాబాయ్ తాళ్ల కోసం లోపలికి పరిగెత్తాం.

ట్రాకు దగ్గర ఒకతను బ్రేకు లివరు నొక్కి చూసి, గట్టిగా ఉందని ట్యాంకుకు స్టిక్కరు అంటించాడు. మంకీ టోపీ మీదే హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాను. మొదట్లో రోడ్డు తిన్నగా ఉంది. ఇంజను ఎంత హాయిగా పాడిందో! చివర్లో మలుపు వచ్చింది. లివరు నొక్కాను. లివరు గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగలేదు. ఇంకా నొక్కాను. వెనక బ్రేకు తొక్కితే బండి తోక పక్కకు తిరిగింది. ఆ క్షణంలో ఎవరెవరిని పిలిచానో చెప్పను. టైర్ల గోడ బద్దలుకొట్టుకుని, బండి ఒకవైపు, నేను ఒకవైపు గడ్డిలో పడ్డాం. దిమ్మ తిరిగింది. ఆకాశం కనిపిస్తోంది కానీ అది ఆకాశమని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

బాబాయ్ కంచె దూకి వచ్చాడు. నా చేతులూ కాళ్లూ తడుముతుంటే ఆయన్ని తోసేసి, అందరి ముందూ అరిచాను. "ఏం ఫిట్టర్‌వి నువ్వు? చంపుదామనుకున్నవా నన్ను?"

 బాబాయ్ చక్రం పక్కన కూలబడ్డాడు. "బిగించిన గదరా" అన్నాడు, నాతో కాదు, చక్రంతో. "ఇగ నేను పానా పట్టరాదు." ముప్పై ఏళ్లు పానా పట్టిన మనిషి అలా ఒక్క నిమిషంలో ముసలివాడైపోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. నా మణికట్టు నొప్పి కూడా మర్చిపోయాను. అప్పుడాయన డిస్కు మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ రాశాడు. ఆ వేలు నా ముక్కు దగ్గరికి తెచ్చాడు.

కొబ్బరినూనె!

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ట్రాకు వాళ్లతో నా మణికట్టుకు కట్టు కట్టించుకుని, బండిని ట్రాలీలో ఎక్కించుకుని ఇంటికి వచ్చాం. నాయనమ్మ గేటు దగ్గరే ఉంది. నా చేతికట్టు చూసి గుండెలు బాదుకుంటూ "ఏమైందిరా?" అంది. నేను నోరు తెరిచాను.

"నా తప్పేనమ్మా" అన్నాడు బాబాయ్. "బ్రేకు సరిగ్గ బిగియ్యలే."

అంత దెబ్బ నాకు ట్రాకు మీద కూడా తగల్లేదు.

"ముప్పై ఏండ్లు ఏం చేసినవ్‌రా వర్క్‌షాపుల? నేను నూనె రాసిన కాబట్టి పోరడు బతికిండు!" అని ఆవిడ దులిపేస్తుంటే ఆయన తల వంచుకుని తాళ్లు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

మర్నాడు ఆదివారం చర్చిలో నాయనమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. చిన్న కొడుకు బ్రేకు వదులుగా వదిలేశాడని, దేవుడు నూనె ద్వారా మనవణ్ణి కాచాడని, ఏమీ దాచకుండా చెప్పింది. వర్క్‌షాపు వాళ్లు సగం మంది ఆ చర్చికే వస్తారు. అందరూ మెడలు తిప్పి బాబాయ్‌ని చూశారు. అందరికంటే గట్టిగా ఆయనే "ఆమెన్" అన్నాడు. ఆయన పక్కన, చెయ్యి మెడకు వేలాడేసుకున్న ఒక వీరుడు కూర్చుని ఉన్నాడు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని అందులో ముఖం దాచుకున్నాడు. ఆ పోరణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. లేచి నిజం చెప్పడానికి భయపడ్డాడు పాపం, భయమంటే తెలియనివాడు.