శ్రావణంలో అయిదో నంబరు గాలి

మా అక్క వాళ్ల పెద్దగదిలో ఒక ఫ్యాను రెగ్యులేటరు ఉంది. దాన్ని గోడకు బిగించారనడం కంటే, దాని వెనక గోడ కట్టారనడమే న్యాయం. నల్లటి డబ్బా. మొదటిసారి చూసినవాళ్లు రేడియో అనుకుని వార్తలు పెట్టమంటారు. దాని నడుమ సీతాఫలమంత గుబ్బ. ఆ గుబ్బను ఒక అంకె మీది నుంచి ఇంకో అంకె మీదికి తిప్పితే వచ్చే ‘టక్కు’మనే చప్పుడుకు పక్కింటి కోళ్లు గింజలు వదిలేసి మెడలెత్తి చూస్తాయి. సున్నా నుంచి అయిదు దాకా అంకెలు. ఆ అంకెలతో మా అక్క నడిపినంత రాజ్యం ఏ రాజూ నడిపి ఉండడు.

నేను ఉండేది జనగామలో. మా ఇంటి రెగ్యులేటరు స్విచ్చుల మధ్య ఒదిగి, పెళ్లి ఫొటోలో చివర నిలబడ్డ చుట్టంలా ఉంటుంది. లోపల ఏదో చిన్న ఎలక్ట్రానిక్ ముక్క ఉంటుందట. వచ్చే కరెంటును కత్తిరించి కత్తిరించి మోటారుకు పంపుతుందట. రెండు మీద పెడితే ఫ్యాను రాత్రంతా తుమ్మెదలా జుమ్మంటుంది. పని చేస్తుంది, కాదనను. కానీ దానికంటూ ఒక వ్యక్తిత్వం లేదు.

అక్క ఇంట్లో డబ్బా అలాంటిది కాదు. దాని లోపల తీగ చుట్టలు ఉంటాయి. అంకె తగ్గించేకొద్దీ కరెంటు ఎక్కువ తీగ దాటుకుని పోవాలి. దాటే దారిలో దాని బలం కొంత తీగకే ఖర్చయిపోతుంది. మిగిలిన తక్కువ ఓల్టేజితో మోటారు నెమ్మదిగా తిరుగుతుంది. ఖర్చయిన బలం ఎక్కడికీ పోదు, వేడిగా మారి డబ్బా మీదికి వస్తుంది. వానాకాలంలో మెత్తబడ్డ అగ్గిపెట్టెలను అక్క ఆ డబ్బా మీదే ఎండబెడుతుంది. ఒకసారి బావ దాన్ని చూసి, “గీ డబ్బ తీసేద్దామే. సగం కరెంటు దండుగైతున్నది” అన్నాడు.

“దండుగెట్లయితది? సగం గాలికి పోయింది, సగం అగ్గిపెట్టెకు పోయింది. ఇంట్లనే ఉన్నది గద!” అంది అక్క.

ఇంత చక్కటి విద్యుత్ శాస్త్రం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. బావ కూడా చదవలేదు కాబట్టి ఊరుకున్నాడు.

అక్క వాళ్లది మహబూబాబాద్ జిల్లాలో, కురవి పక్కన ఒక ఊరు. ఊరి చుట్టూ పొలాలు, పొలాల నిండా బోర్లు. నాట్ల కాలంలో ఆ బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా మొదలైతే ఊళ్లోకి వచ్చే కరెంటు నీరసపడిపోతుంది. అప్పుడు అయిదు మీద తిరిగే ఫ్యాను రెక్కలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటి మీది దుమ్ము మందం కూడా చెప్పవచ్చు. మోటార్లు బంద్ కాగానే అదే ఫ్యాను రెక్కలు కనపడకుండా పోతాయి. అక్క మధ్యాహ్నం నడుం వాల్చి, కళ్లు మూసుకుని, ఫ్యాను చప్పుడు వింటూ, “పడమటి చెల్క మోటరు ఏసిండ్రు” అనేది. ఒకసారి నేను నమ్మక ఎండలో పడి చూడబోయాను. పడమటి చెలకలో నీళ్లు పారుతున్నాయి. అవతల తూర్పు మడిలోనూ పారుతున్నాయి, కానీ ఆ సంగతి అక్కకు చెప్పే ధైర్యం నాకు లేదు.

అయితే ఆ అంకెలు గాలి కోసం ఉన్నాయని అనుకుంటే పొరపాటు. అవి మర్యాద కోసం ఉన్నాయి. ఆ ఇంటికి మొదటిసారి వచ్చిన చుట్టానికి అయిదు పెట్టాలి. ఊరి పెద్దలకు నాలుగు. సొంత తమ్ముణ్ని గనక నాకు ఎప్పుడూ మూడే. మండుటెండలో చెమటలు కక్కుకుంటూ వచ్చినా మూడే. పాలసీలు అమ్మవచ్చినవాళ్లకు ఒకటి పెడుతుంది. వాళ్లు నేరుగా విషయానికి వచ్చి త్వరగా లేస్తారని. ఈ పద్ధతి ఒక్క అక్కది కాదు, ఆ చుట్టుపక్కల ఇళ్లన్నిటిదీ. తిని లేచినవాడు ‘ఏం కూర పెట్టిండ్రు’ అన్నదానికి జవాబు చెప్పినట్టే, కూర్చుని లేచినవాడు ‘ఎంత మీద పెట్టిండ్రు’ అన్నదానికి కూడా జవాబు చెప్పాలి.

ఇట్లాంటి ఇంట్లో నా మేనకోడలికి సంబంధం కుదిరే రోజు వచ్చింది.

అక్క కూతురు మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. అబ్బాయిది భూపాలపల్లి. వాళ్ల నాయన అక్కడ కరెంటు తయారుచేసే ప్లాంటులో పని చేస్తాడు. పిల్లలిద్దరూ అప్పటికే ఒక పెళ్లిలో చూసుకున్నారు. ఫోనులో ఎంత మాట్లాడుకున్నారంటే, ఇద్దరి ఫోన్లూ వేడెక్కి వాటి మీద కూడా అగ్గిపెట్టెలు ఎండబెట్టవచ్చు. రెండు వైపులా అందరూ సరే అన్నారు. మిగిలింది ఒక్కరు. అబ్బాయి నాయనమ్మ. ఆ ఇంట్లో ఆమె ఊ అనకుండా కుక్కర్ కూడా కూత వేయదట. అంతకు ముందు ఒక సంబంధాన్ని ‘ఆ ఇంట్ల చాయ్ సల్లగిచ్చిండ్రు’ అని, ఇంకోదాన్ని ‘అందరొక్కటేసారి మాట్లాడుతరు’ అని కొట్టేసిందట. ఈసారి స్వయంగా వచ్చి చూస్తానంది.

నేను పొద్దున రైలెక్కి, మహబూబాబాద్‌లో దిగి, ఆటో పట్టి ఇల్లు చేరేసరికి మేనకోడలు వాకిట్లోనే ఆపింది.

“మామా, ఆ అవ్వ వద్దంటే ఆయన ఎదురు చెప్పడు. చెప్పొద్దు గూడ, ఆమెనే పెంచింది. కానీ గీ సంబంధం పోతే నేను ఇంకొకరి ముంగట చీర కట్టుకొని కూసోను. గిది అమ్మకు నువ్వే చెప్పాలె.”

“పోదు తియ్యి బిడ్డా. మీ అమ్మ మర్యాద ముంగట దేవుడు గూడ నిలువలేడు” అన్నాను. ఆ మాట ఎంత నిజమో నాకప్పుడు తెలియదు.

శ్రావణ మాసం. మబ్బు పట్టి, గాలి ఆగి, ఊరంతా ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టుంది. భూపాలపల్లి వాళ్లు కారు దిగగానే అక్క అవ్వను చెయ్యి పట్టి తీసుకొచ్చి, ఫ్యాను కింద ఏమాత్రం అటూ ఇటూ కాకుండా, కుర్చీలో కూర్చోబెట్టింది. అందరూ చూస్తుండగా గుబ్బ పట్టుకుని టక్కు టక్కుమని అయిదు దాకా తిప్పింది. పొలాల్లో మోటార్లన్నీ నడుస్తున్నాయి గనక అయిదో నంబరు గాలి తల్లి చేయిలా మెత్తగా తగిలింది. అవ్వ చెమట తుడుచుకుని హాయిగా వెనక్కి వాలింది.

అబ్బాయి నాయన డబ్బాను చూసి నవ్వాడు. “అబ్బ, గిది ఇంక నడుస్తున్నదా అక్కా?”

“కరెంటు పుట్టే ఊరి నుంచి వచ్చిండ్రు, మీకు గాలి తక్కువ చేస్తమా అన్నా?” అంది అక్క.

“మాది పుట్టిచ్చుడే. గాలి అంత మీదే!”

అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నాట్ల గురించి, కూలీల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడింది. వంటింటి తలుపు సందులోంచి మేనకోడలు నాకు బొటనవేలు ఎత్తి చూపింది.

అప్పుడు వాన మొదలైంది.

మామూలు వాన కాదు. దోసిళ్లతో కాదు, కాగులతో కుమ్మరించింది. వాన పడితే రైతు ఏం చేస్తాడు? మోటారు బంద్ చేస్తాడు. ఒక్కొక్కటే బంద్ అయినకొద్దీ మా నెత్తి మీది ఫ్యాను ఒళ్లు విరుచుకోవడం మొదలుపెట్టింది. ముందు హుషారుగా తిరిగింది. తర్వాత కోపంగా తిరిగింది. ఆ తర్వాత కప్పు పీకేసుకుని భూపాలపల్లికి పోదామన్నట్టు తిరిగింది. గోడ మీది క్యాలెండరు శ్రావణం దాటి, భాద్రపదం దాటి, కార్తీకం చూపించింది. పళ్లెంలోని అటుకుల చుడువా తనంతట తనే చుట్టాలకు వడ్డించుకుంది. అబ్బాయి నాయన ఎడమ చెవి దగ్గర మొదలుపెట్టి బట్టతల మీదుగా కుడి చెవికి చేర్చిన జుట్టు, ఆగస్టు పదిహేను జెండాలా లేచి నిలబడింది.

అవ్వ కొంగు చెవుల మీదుగా చుట్టుకుంది. కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుంది.

నేను అక్క చెవిలో, “జర తగ్గియ్యరాదే” అన్నాను.

“సప్పుడు చెయ్యకు. అందరు జూస్తుండంగ అయిదు వెట్టి, ఇప్పుడు రెండుకు దించితే ఏమనుకుంటరు? కూసున్నంక మర్యాద తగ్గిందనరా?”

అటువైపు అబ్బాయి వంగి, “అవ్వా, ఫ్యాను తగ్గియ్యమందునా?” అన్నాడు.

“నోర్మూసుకో. ఇచ్చిన గాలి వద్దంటే పెట్టిన కూడు వద్దన్నట్టే” అంది అవ్వ, పళ్లు టకటకలాడుతుండగా.

రెండు వంశాల మర్యాదలు ఎదురెదురుగా నిలబడ్డాయి. మధ్యలో ఫ్యాను. అవ్వ మొహం కొంగులో దాచుకోవడం చూసి అక్క బెంగపడింది. ముసలామెకు ఏదో నచ్చలేదు, మర్యాద చాలలేదు అనుకుంది. నా జబ్బ పట్టుకుని, “తమ్మీ, లోపటి అర్రల టేబులు ఫ్యానున్నది, తే” అంది.

తెచ్చాను. అక్క మాట కాదన్నవాడు మా వంశంలో ఇంకా పుట్టలేదు. నేను చంకలో టేబులు ఫ్యానుతో గదిలోకి రావడం అవ్వ చూసింది. అలాంటి చూపు నేను మళ్లీ ఎవరి కళ్లలోనూ చూడలేదు. బావ ప్లగ్గు పెట్టబోతుండగా ఆమె కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

“ఇగ పోదాం. నడుండ్రి.”

“గదేంది పెద్దమ్మా, చాయ్ తాగకుంటనే?” అంది అక్క.

“వద్దు బిడ్డా. వాన పెద్దగైతది.”

అబ్బాయి తల దించుకున్నాడు. వాళ్ల నాయన జుట్టు పట్టుకుని లేచాడు. సరిగ్గా అప్పుడే మేనకోడలు చాయ్ కప్పుల పళ్లెంతో గడపలో నిలబడింది. అమ్మ మొహం చూసింది. లేచి నిలబడ్డ అవ్వను చూసింది. కప్పుల్లోని చాయ్ గాలికి అలలు పోతోంది. ఒక్క క్షణం తల ఎత్తి ఫ్యానును, తల తిప్పి వాకిట్లో వానను చూసింది. పళ్లెం నా చేతిలో పెట్టింది. చంకలో టేబులు ఫ్యాను, చేతిలో చాయ్ పళ్లెం. గుడి ముందు ద్వారపాలకుడికి కూడా ఇన్ని ఆయుధాలు ఉండవు.

తిన్నగా డబ్బా దగ్గరికి నడిచింది. అక్క కళ్లతోనే ‘వద్దు’ అంది. ఆ కళ్లకు ఎద్దులు ఆగుతాయి. మేనకోడలు ఆగలేదు. టక్కు, టక్కు, టక్కు. ఫ్యాను గొణుక్కుంటూ దిగింది. క్యాలెండరు శ్రావణానికి వచ్చింది. గదిలో వాన చప్పుడు వినపడింది.

“అవ్వా, కూసో. వానకు చేన్ల మోటర్లన్ని బందైనయి, ఓల్టేజి వెరిగింది. ఇందాకటి అయిదు ఇప్పుడు రెండు కాడ ఉన్నది. మా అమ్మ మీకు వెట్టిన మర్యాద అంతే ఉన్నది, ఏం తగ్గలే.”

అవ్వ నిలబడే ఫ్యానును చూసింది. అరచేయి పైకి పట్టి గాలి బరువు చూసింది, సంతలో బియ్యం చూసినట్టు.

“గిది అయిదేనా?”

“అయిదే అవ్వా.”

అబ్బాయి నాయన జుట్టును మళ్లీ చెవికి చేర్చుకుంటూ, “నిజమేనే అమ్మా. మోటర్లు ఆగితే కరెంటు ఎగుస్తది. మాకు డ్యూటీల దినాం గిదే లొల్లి” అన్నాడు.

అవ్వ మెల్లగా కూర్చుంది. నా చేతిలో పళ్లెంలోంచి కప్పు అందుకుని, మిగతావాళ్లు తలా ఒకటి తీసుకునేదాకా దాన్ని చెంపకు ఆనించుకుని ఉంది. తర్వాత ఒక గుక్క తాగింది.

“నాకు సలి వెడుతున్నదని నీకెట్ల ఎరుక?”

“కాళ్లు కుర్చి మీదికి ముడుసుకున్నరు గద.”

“గింతమంది కూసున్నరు. ఒక్కలకన్న కనవడ్డదా!” అంటూ అవ్వ అందరినీ ఒక చుట్టు చూసింది. అందరం ఎవరి కప్పులోకి వాళ్లం చూసుకున్నాం. నాకు కప్పు లేదు గనక టేబులు ఫ్యానులోకి చూశాను.

మా మేనకోడలి తెలివిని మెచ్చుకోవడానికి నా దగ్గర మాటలు లేవు. ఉన్నవి కూడా చిన్నవి. అమ్మ మర్యాదను రవ్వంత తగ్గనివ్వలేదు. అవ్వ చలిని ఒక్క నిమిషం ఉంచలేదు. మేమంతా కలిసి పెద్దరికంతో పాడుచేసిన దాన్ని, ఆ పిల్ల మణికట్టు తిప్పి సరిచేసింది.

అవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. వేరే ఏమీ అడగలేదు. మనవడి వైపు తిరిగి, “నీకేమన్న అడిగేదున్నదారా?” అంది. వాడు అడ్డంగా తల ఊపాడు, మెడ విరిగిపోతుందేమోనని నాకు భయం వేసేంత గట్టిగా.

“అయితే ముహూర్తం సూడుండ్రి.”

అక్క ఊపిరి వదిలిన చప్పుడు డబ్బా టక్కు కంటే గట్టిగా వినపడింది. వెంటనే తేరుకుని, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, “శుభం పెద్దమ్మా! కార్తీకంల పెట్టుకుందాం. పంట చేతికొస్తది, మీకు ఏ లోటు రానియ్యం. పందిరి నిండ ఫ్యాన్లు పెట్టిస్త” అంది.

అవ్వ చాయ్ కప్పును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“కార్తీకం వద్దు బిడ్డా, వైశాఖంల పెట్టు. సలికాలంల మీ మర్యాద నాతోని గాదు.”