పడవలో నా చోట కూర్చున్నది

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను మా ఖుర్సీపార్ వీధిలో నేను ఏడిపించినంతగా ఇంకెవరూ ఏడిపించి ఉండరు. పక్కింటావిడ నీళ్ల ట్యాంకు దగ్గర తెల్లచీర కనిపించిందంటే, "ఆరేసిన దుప్పటి తీసుకుని లోపలికి పోవమ్మా" అన్నదాన్ని. దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. నమ్మితే కాస్త సుఖంగా ఉండేదాన్నేమో. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

మా ఆయన ఇక్కడి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చి కోక్ చేసే కోక్ ఓవెన్ విభాగంలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆయనతో కలిసి పనిచేసిన ఆరుగురు, వాళ్ల భార్యలు, మేమిద్దరం, మొత్తం పద్నాలుగు మందిమి ఒక చలికాలం సుందర్‌బన్స్ వెళ్లాం. మా ఊళ్లో పవర్ హౌస్ స్టేషన్లో రైలెక్కి హౌరాలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో రేవుకు చేరి లాంచీ ఎక్కాం. మూడు రోజులు లాంచీలోనే పడక, లాంచీలోనే భోజనం, నదుల మీద తిరగడం. పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లలో మేమిద్దరం సరదాకని ఊరు దాటడం అదే మొదలు. అంతకుముందు ఎప్పుడు రైలెక్కినా విజయనగరంలో ఎవరి పెళ్లికో, ఎవరి పదకొండో రోజుకో.

నా నోటి సంగతి కూడా చెప్పాలి. దాచుకుంటే దాగేది కాదు. నేను ఆపను, ఆయన మాట్లాడరు. కాపురం అలాగే సాగిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అత్తగారు రోజూ వినిపించేవారు. ఊరి సంగతేమో గాని, ఆయనకు నా నోరు అలవాటైపోయింది, లేకపోతే తోచదు అనుకునేదాన్ని.

మా బృందానికి పెద్ద సన్యాసిరావు బావగారు. మా ఆయన పాత ఫోర్‌మన్. రిటైరైనా ఫోర్‌మన్ ఫోర్‌మనే. బయల్దేరే ముందే ఆయన పద్నాలుగు అల్యూమినియం బిళ్లలు కోయించి, నంబర్లు కొట్టించి, ఒక ప్లైవుడ్ ముక్కకు పద్నాలుగు మేకులు దిగ్గొట్టి తెచ్చారు. వాళ్ల విభాగంలో గ్యాసుండే చోటికి దిగేటప్పుడు పాటించిన పద్ధతట. దిగే ముందు బోర్డు మీది నీ టోకెన్ తీసుకుని దిగాలి, పైకొచ్చాక మళ్లీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఎవరి టోకెన్ వాళ్లే తగిలించాలి, పక్కవాడిది ముట్టుకోకూడదు. ఈ ఒక్క విషయంలో మా ఆయన మహా పట్టుదల మనిషి. ఒకసారి ఎవరో స్నేహితుడు చొరవగా ఈయన టోకెన్ తగిలించాడని అతనితో ఏడాదిపాటు మాట మానేశారు.

రెండో రోజు పొద్దున లాంచీ పెద్ద నదిలో ఆగింది. సన్నటి కాలువలోకి లాంచీ పోదు కాబట్టి తెడ్డు పడవలో తీసుకెళ్లారు. రెండు పక్కలా బురద, బురదలోంచి మేకుల్లా పైకి లేచిన చెట్ల వేళ్లు. లోపల అటవీశాఖ వాళ్ల మకాం, చుట్టూ కంచె, ఎక్కి చూడ్డానికి ఒక టవరు, అడవి తల్లికి చిన్న గుడి. పడవవాడు ముందే చెప్పాడు, ఆటు మొదలైతే కాలువలో నీళ్లు తగ్గి పడవ బురదలో కూరుకుపోతుందని, పిలవగానే వచ్చేయాలని.

బోర్డు పడవలోనే ఉంది. దిగేటప్పుడు నా ఎనిమిదో నంబరు బిళ్ల తీసి ఆయన చేతికిచ్చాను. చీరకు జేబు ఉండదు కదా.

టవరెక్కి రెండు జింకల్ని, బోలెడంత బురదనీ చూశాం. దిగాక, "బాత్రూమ్‌కెళ్లొస్తాను, ఉండండి" అన్నాను. ఆయన "ఊఁ" అన్నారు. ఆ ఊఁ నాకు బాగా గుర్తు.

కాళ్లకు పట్టిన బురద కడుక్కుని వచ్చేసరికి కంచె తలుపు మూసి ఉంది. పడవ అప్పటికే కాలువలో దూరంగా ఉంది.

అరిచాను. నేను మా గుమ్మంలో నిలబడి కూరల బండివాణ్ణి పిలిస్తే వీధి చివర ఆగుతాడు. అలాంటి గొంతు. పడవలో ఒక్కళ్లూ తల తిప్పలేదు. మా ఆయన వెనక బల్ల మీద నాకు వీపు పెట్టి కూర్చున్నారు. ఆయన పక్కన ఎవరో ఉన్నారు. తల మీద కొంగు, పసుప్పచ్చ రంగు. ఆ రోజు నా చీరా పసుప్పచ్చే. కమలక్క అనుకున్నాను. కమలక్క సన్యాసిరావు బావగారి భార్య. ఆమె ఏం చీర కట్టుకుందో ఆ క్షణంలో గుర్తు రాలేదు. పడవ వంపు తిరిగిపోయింది.

నాకు భయం వేయలేదు, ఒళ్లు మండిపోయింది. కాపలా ఉండే ముసలాయన బల్ల వేసి, నీళ్లిచ్చి, వైర్‌లెస్‌లో ఎవరికో చెప్పాడు. గంటా ఇరవై నిమిషాలు కూర్చున్నాను. కట్టుకున్నవాడు నన్ను పులుల అడవిలో వదిలి పోయాడని తల్చుకుంటే దుఃఖం పొంగుకొచ్చింది. ఏడవకూడదని వరసగా తిట్లు సిద్ధం చేసుకున్నాను.

పడవ తిరిగొచ్చింది. పడవవాడు, బావగారు, మా ఆయన, ముగ్గురే. ఆయన మొహం పాలిపోయి ఉంది. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట ఇది.

"నువ్వెప్పుడు దిగిపోనావే?"

"దిగడమేటి? ఎక్కితే కదా దిగడానికి!"

"నా పక్కనే కూకున్నావు కదే. లాంచీకాడ చెయ్యందిద్దామని తిరిగితే నేవు."

బావగారు బోర్డు చూపించారు. పద్నాలుగు బిళ్లలూ ఉన్నాయి. నాది ఎవరు తగిలించారని అడిగాను. మా ఆయన తల దించుకున్నారు. "రెండూ నేనే తగిలించాను. ఎనకాలే వస్తున్నావనుకున్నాను" అన్నారు. ప్లాంటులో ఇంకొకడి బిళ్ల ముట్టుకుంటే పాపం అన్న మనిషి, పెళ్లాం బిళ్ల మాత్రం వెనక్కి కూడా చూడకుండా తగిలించేశాడు. నాకు మొదట కడుపు రగిలింది దానికే. మిగతాది అప్పటికి బుర్రకెక్కలేదు.

లాంచీకి చేరాక కమలక్క నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కట్టుకున్నది నీలం చీర. పడవలో ముందు బల్ల మీద కూర్చుందట.

"నాను ఎనక్కి తిరిగి అడిగేను కూడానే, ఏటే ఈ రోజు నోరు కుట్టేసుకున్నావూ అని. కొంగు నెత్తిమీద ఏసుకుని, ఆయన భుజం మీద తల పెట్టుకున్నావు. పోన్లే, కొత్త పెళ్లికూతుర్లాగున్నాదని నవ్వుకున్నాను" అంది.

నేను తల మీద కొంగు వేసుకోను. నలుగురిలో మొగుడి భుజం మీద తల ఆనించడం నా జన్మలో లేదు.

ఆ పూట మా బృందం తప్ప అక్కడికి ఇంకెవరూ రాలేదని మేం మకాం నుంచి బయల్దేరే ముందే కాపలా ముసలాయన రిజిస్టరు తీసి చూపించాడు. బావగారు పడవవాణ్ణి హిందీలో గుచ్చిగుచ్చి అడిగారు. అతను మనుషుల్ని లెక్కపెట్టలేదు, కానీ తెడ్డు వేసే చేతికి బరువు తెలుస్తుందన్నాడు. వెళ్లేటప్పుడు ఎంత బరువో వచ్చేటప్పుడూ అంతేనట. లాంచీ ఇంకో నాలుగు బారల దూరంలో ఉందనగా పడవ ఒక్కసారి తేలికైందట. మర్నాడు మా ఆయన్ని తన పడవ ఎక్కనివ్వలేదు, చేతులు జోడించి వద్దన్నాడు.

ఇంకొకటి. ఆ సాయంత్రం ఆయన విప్పిన చొక్కా ఎడమ భుజం దగ్గర తడిగా ఉంది. మిగతా చొక్కా అంతా పొడిగానే ఉంది. ఇంటికొచ్చి ఉతికేటప్పుడు చూస్తే ఆ తడి ఆరిన చోట తెల్లగా ఉప్పు తేలింది. ఆ బట్టలు ఇన్నేళ్లుగా ఉతుకుతున్నదాన్ని, చెమట ఉప్పు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది చెమట కాదు.

మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, కోపమొచ్చినా ఓదార్చినా హిందీలోనే. "ఛోడో నా మమ్మీ, వదిలేయ్, ఎండకు అలా అనిపించి ఉంటుంది" అంది. డిసెంబరు పొద్దున పదమూడు మందికి ఒకేసారి ఎండ తగిలిందా అని అడిగాను.

జనం అడిగేది ఆ పక్కన కూర్చున్నది ఏమిటని. నన్ను తినేసింది అది కాదు. ముప్పై ఒక్క ఏళ్లు పక్కన పడుకున్న మనిషికి, అరగంట సేపు భుజం మీద తల పెట్టుకున్నది నేను కాదని తెలియలేదే! నా తల బరువు తెలియదా? నా తలనూనె వాసన తెలియదా? మాట్లాడకుండా అంతసేపు నేను ఏనాడైనా కూర్చున్నానా? ఎన్నిసార్లు అడిగినా ఆయనది ఒకటే జవాబు, "నువ్వే అనుకున్నానే." మోసపోయినవాడు ఆయనేగా, పాపం, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏడాది పైగా అలా నెట్టుకొచ్చాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని పచ్చి బఠాణీలు ఒలుస్తున్నాను. పవర్ హౌస్ మార్కెట్‌కు వెళ్లి కొత్తిమీర మర్చిపోయి వచ్చారని మామూలుగానే అందుకున్నాను. కొత్తిమీరతో మొదలెట్టి వాళ్ల అక్కగారి దాకా వెళ్లాను. ఆయన ఎప్పటిలా పేపరు చూస్తున్నారు. ఉన్నట్టుండి, నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"ఆ రోజు పడవలో ఎంత బాగుందో."

బాగున్నావు అనలేదు, బాగుంది అన్నారు.

"ఏటి బాగుంది?" అన్నాను.

ఆయన పేపరు పేజీ తిప్పారు.

"నేను కాదని మీకు తెల్సా?"

పేపరు మడత పెట్టారు. ఆ తర్వాత, "సగం దారిలో అనుమానమొచ్చింది" అన్నారు. "అంతకుముందు నువ్వు అరిచింది కూడా ఇనపడ్డట్టే ఉంది. చిన్నగా."

"మరి ఎనక్కి తిరిగి చూణ్ణేదేటి?"

"తిరిగితే ఎల్లిపోద్దేమోనని."

అంత మెత్తటి గొంతు ఆయనకు ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

నేను బఠాణీల గిన్నె తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆ పడవలో ఏం కూర్చుందో, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగిందో నాకు ఇప్పటికీ తెలియదు, ఇక తెలుస్తుందన్న ఆశా లేదు. ఇన్నాళ్లూ ప్రతిరోజూ దాన్నే తిట్టుకున్నాను. ఇప్పుడు దాన్ని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు.