తుమ్మపూత గాలి

మా ఇంటి మీదుగా విమానాలు దిగే రోజుల్లోనే బాపుకు ఆయాసం వచ్చేది. ఈ మాట చెబితే ఎవరైనా ముందు విమానాల పొగనే తిడతారు. మేమూ చాలాకాలం దాన్నే తిట్టాం. అమ్మయితే పొద్దున్నే ఆకాశం వైపు చూసి రెండు తిట్లు తిట్టాకే పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టేది. ఆ విమానాలు ఏ పాపమూ ఎరగవని తెలిసేసరికి రెండు ఎండాకాలాలు గడిచిపోయాయి.

విమానాశ్రయానికి తూర్పు వైపున మా ఊరు. 2008లో అది తెరిచాక చుట్టుపక్కల వాన మీద పండే మెట్టచెల్కలన్నీ ఒక్కొక్కటిగా ఇళ్లప్లాట్ల వెంచర్లయ్యాయి. పెదనాన్నలూ చిన్నాన్నలూ అమ్ముదామని ఒక్కమాట మీదికి వచ్చాక బాపు ఒక్కడు కాదంటే ఆగే బేరం కాదది. మా చెల్క ముందు పెద్ద కమాను కట్టారు, తెల్లరంగు పూసిన హద్దురాళ్లు పాతారు, మట్టిరోడ్లు వేశారు. ఆ తరువాత ఎవరూ రాలేదు. ప్లాట్లు కొన్నవాళ్లు నగరంలో ఎక్కడో ఉన్నారు. దున్నేవాడు లేని నేలలోకి సర్కారు తుమ్మ ఎవరినీ అడగకుండా వచ్చేసింది. మొదటి ఏడు మోకాలెత్తు, ఆ పై ఏడు మనిషి మునిగేంత. మాఘమాసం దాటిందంటే కొమ్మకొమ్మకూ లేతపసుపు కంకులు వేలాడేవి. ముళ్లచెట్టును పొగడకూడదు గానీ, సాయంత్రం ఎండలో ఆ చెల్కంతా పసుపు మంచు దిగినట్టు మసకగా ఉండేది. నేను బడి నుంచి వస్తూ ఆటో దిగి కాసేపు అట్లాగే చూస్తూ నిలబడేదాన్ని. శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని అప్పుడు.

బాపు రోజూ ఆ చెల్కకు పోయేవాడు. అమ్మిన చెల్కలో నీకేం పని అని అమ్మ అడిగితే, ఏం లేదు, ఊకె అనేవాడు. పోయి మా పాత కళ్లం మీద కూర్చునేవాడు. కోసిన పంటను కుప్పవేసి, కొట్టి, తూర్పారపట్టే చోటది. చెల్కకు తూర్పు అంచున కొంచెం ఎత్తుగా, గట్టి నేల. పడమటి గాలి చెల్క పొడవునా అడ్డు లేకుండా వచ్చి నేరుగా అక్కడే తగులుతుందని చూసి తాతల కాలంలో ఎంచుకున్నారట. తూర్పారపట్టడంలో మా బాపుకు ఊళ్లో మంచి పేరుండేది. చేట తలకంటే పైకెత్తి నిలబడితే జొన్నలు కాళ్ల ముందు కుప్పగా రాలేవి, పొట్టు మాత్రం ఎటో తేలిపోయేది. నా చిన్నతనం తలుచుకుంటే ముందుగా కనిపించేది అదే. వెలుగులో ఎగిరిపోతున్న పొట్టు, దాని మధ్య కళ్లు సగం మూసుకొని నిలబడ్డ బాపు.

ఆయాసం మొదట తుమ్ములతో వచ్చేది. తరువాత కళ్లు ఎర్రబడేవి, రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యేవి. అమ్మకు తెలిసిన వైద్యమంతా చేసింది. దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసేది. ఆ ఘాటుకు నాకే ఊపిరాడేది కాదు, ఇక బాపు సంగతి చెప్పేదేముంది! ఘాటు రాకపోతే దిష్టి బాగా తగిలినట్టు, వస్తే పోయినట్టు అమ్మ లెక్క. దాని మీద సాంబ్రాణి. అన్నిటికన్నా గట్టి నమ్మకం ఇంకొకటుండేది, ఆయాసమంటే చల్లదనం వల్లనే వస్తుందని. అందుకని మబ్బు పట్టి నేల తడిసిన రోజున బాపు తలకు మఫ్లరు చుట్టి, తలుపులు మూసి లోపల కూర్చోబెట్టేది. ఫెళ్లున ఎండ కాసి గాలి ఆడే రోజున, ఇయ్యాల మంచిగున్నది, జర తిరిగి రాపో అని తానే పంపేది. నేనూ సరేనని తలూపేదాన్ని.

ఒక ఫాల్గుణ మాసంలో, సాయంత్రం బడి నుంచి వస్తుంటే పడమట ఆకాశం నల్లబడింది. ఇంట్లో బాపు లేడు. కళ్లం దగ్గరికి పరిగెత్తాను. అప్పుడే ఈదురుగాలి లేచింది. తుమ్మచెట్లన్నీ ఒక్కసారిగా వంగి లేచాయి. వాటి మీదుగా పసుప్పచ్చటి దుమ్ము పొరలు పొరలుగా మా వైపే వచ్చింది. భయం వేయాల్సింది పోయి, అంత అందమేమిటా అని క్షణం ఆగిపోయాను. ఆ దుమ్ములో బాపు ఒక హద్దురాయిని రెండు చేతులా పట్టుకొని వంగి ఉన్నాడు. మాట లేదు. పెదవులు నీలం రంగుకు తిరిగాయి. ఆ క్షణంలో బాపు చచ్చిపోతాడనే అనుకున్నాను.

ఎట్లాగో నడిపించి వెంచరు కమాను కిందికి తెచ్చాను. వాన దబదబా కురిసింది. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. చాలాసేపటికి పిల్లికూతలు కొంచెం కొంచెంగా తగ్గాయి. ఇంటికి చేరాక అమ్మ ఏడ్చింది, నన్ను తిట్టింది, మళ్లీ మిరపకాయలు తీసింది. మరునాడంతా ముసురే. బాపును లోపలేసి తలుపులు మూశాం. విచిత్రంగా ఆ రోజు పసిపిల్లాడిలా హాయిగా ఊపిరి తీసుకుంటూ నిద్రపోయాడు. అమ్మ సాంబ్రాణిని మెచ్చుకుంది. ముసురు వదిలి ఎండ కాయగానే మళ్లీ కూతలు మొదలయ్యాయి.

అత్తాపూర్‌లో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయనది కోస్తా వైపు మాట, మెత్తగా అడుగుతాడు. ఏ రోజుల్లో ఎక్కువవుతుందండీ అంటే అమ్మ ముసురు రోజుల్లో అంది, నేను గాలి రోజుల్లో అన్నాను. బాపు మా ఇద్దరి మొహాలూ చూసి, ఎండనాడే సార్, గాలి లేస్తేనే అన్నాడు. ఇంటి చుట్టూ ఏ చెట్లున్నాయని ఆయన అడిగాడు. ఆ తరువాత నిదానంగా విడమరిచి చెప్పాడు. పూలలోని పుప్పొడి తేమగా ఉంటే బరువెక్కి కదలదట. ఎండకు ఆరిందా, చిన్న గాలికే లేచి ఎంతో దూరం పోతుందట. నిలిచి కురిసిన వాన దాన్ని కడిగేస్తుందట. కానీ వానకు ముందు వచ్చే ఈదురుగాలి అన్నిటికన్నా చెడ్డదట, తడి తగిలి ఆ రేణువులు పగిలి ఇంకా సన్నటి పొడి అవుతాయట. పీల్చే మందు రాసిచ్చి, ఆ చోటుకు వెళ్లడం మానేయమన్నాడు.

"నా చెల్కల పువ్వే నాకు పడుతలేదా సార్?" అన్నాడు బాపు.

కోపంగా అనలేదు. ఇంటికొచ్చే దారి పొడుగునా బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. గాలి బాగా తగలాలని పెద్దవాళ్లు వెతికి పెట్టుకున్న కళ్లం, ఇప్పుడు చెల్కలోని పుప్పొడంతా తెచ్చి ఆయన రొమ్ములో పోస్తోంది. ఆ మాట ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మానలేదు, మానడని నాకు తెలుసు. వద్దంటే దొంగచాటుగా పోతాడు, అదింకా ప్రమాదం. అందుకని ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. నేను సరేనన్న రోజే పోవాలి, నాతోనే పోవాలి. పొద్దున్నే ఇద్దరం వాకిట్లో నిలబడి ఆకాశం చూసేవాళ్లం. విమానం గాలికి ఎదురుగా దిగుతుందని బాపే కనిపెట్టాడు. మా ఇంటి మీదుగా దిగుతుంటే పడమటి గాలి ఉన్నట్టు, ఆ రోజు కదలొద్దు. విమానాశ్రయానికి అవతలి వైపు నుంచి దిగుతుంటే, మంచు పడి ఆకులు తడిగా ఉంటే, పోవచ్చు. పూత కాలమంతా అదే మా పంచాంగం. ఒకప్పుడు విత్తనం వేయడానికి ఆకాశం చూసిన మనిషి, ఊరికే పోయి కూర్చోవడానికి చూసేవాడు. నాకది బాధగానూ ఉండేది, ఆ పొద్దుటి పూటలు ఇష్టంగానూ ఉండేవి.

వాన వెలిసిన ఉదయాలు మరీ బాగుండేవి. తడిసిన కంకులు కొమ్మలకు అంటుకొని ఉండేవి. మబ్బులోంచి విమానం చప్పుడు ముందొచ్చేది, రూపం తరువాత. ప్లాట్ల మధ్య నడుస్తూ బాపు చెప్పేవాడు, గీడ కందులు, గాడ పెసళ్లు, ఆ రోడ్డు మీద నడుమిట్ల జొన్న అని. ఆయన చెబుతుంటే నాకు తుమ్మలు కనపడకుండా పోయేవి. అట్లా రెండు మూడు పూతలు గడిచాయి. అమ్మ మిరపకాయలు మానేసింది, విమానాలను తిట్టడం మాత్రం మానలేదు.

2014 ఎండాకాలంలో వెంచర్లోకి జేసీబీలు వచ్చాయి. నగరంలోని మనుషులు ఇళ్లు కట్టుకోవడానికి సిద్ధమయ్యారు. కొద్దిరోజుల్లోనే తుమ్మలన్నీ వేళ్లతో సహా పోయాయి. చెల్కంతా చాప పరిచినట్టు చదునైంది, కళ్లం ఎత్తు కూడా కలిసిపోయింది. ఆ ఆదివారం ఫెళ్లున ఎండ, ఒకటే గాలి, ఇంటి మీదుగా విమానాలు. బాపు చెప్పులేసుకున్నాడు. వద్దనడానికి నా దగ్గర ఏమీ లేదు. మందు సంచిలో వేసుకొని వెంట నడిచాను.

కళ్లం ఎక్కడుండేదో ఆయన వెతుక్కోలేదు, నేరుగా పోయి నిలబడ్డాడు. గాలి పంచెను లాగుతోంది. తుమ్ము లేదు, కూత లేదు. రొమ్ము నిండా ఊపిరి పీల్చి వదిలాడు. వంగి గుప్పెడు మట్టి తీసి, చేయి పైకెత్తి మెల్లగా జారవిడిచాడు. అది తేలిపోతుంటే చివరిదాకా చూశాడు.

"గాలి మస్తుగున్నది బిడ్డా," అన్నాడు. "తూర్పార పట్టనీకె గింజలే లేకపాయె."

ఒక్కసారి దగ్గితే బాగుండునని నాకనిపించింది. చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకుపోవడానికి ఏదో ఒక సాకు దొరికేది.